అప్ ఎంత అన్నా?

"100 ఎంబీపీఎస్ అన్‌లిమిటెడ్" అని కరెంటు స్తంభానికి కట్టిన ఫ్లెక్సీ కింద నిలబడి, "అన్నా, అప్ ఎంత?" అని అడిగిన మనిషిని నేనింతవరకు చూడలేదు. నెలకెంత, ఇన్‌స్టలేషన్ ఫ్రీయేనా, ఓటీటీలు ఏమేం వస్తాయి, రౌటర్ మనదా వాళ్లదా, ఇవన్నీ అడుగుతాం. ఆ వంద అనేది ఏ వైపు వంద అని మాత్రం అడగం. అవతలి నుంచి మనింటికి వచ్చేదా, మనింటి నుంచి అవతలికి పోయేదా? ఫ్లెక్సీ మీద ఉన్నది దాదాపు ఎప్పుడూ వచ్చేదే.

ఈ వ్యాసం ఆ రెండో నంబర్ గురించి. నా అభిప్రాయం ముందే చెప్పేస్తా, నచ్చనివాళ్లు ఇక్కడే పేజీ తిప్పేయొచ్చు. గత ముప్పై ఏళ్లలో మన ఇళ్లకి నెట్ తెచ్చిన టెక్నాలజీలు ఒకటి తర్వాత ఒకటి మారాయి గానీ, ఇంట్లో ఉండే మనిషి గురించి వాటి అంచనా మాత్రం మారలేదు. ఇంట్లో ఉండేవాడు చూస్తాడు, వింటాడు, దించుకుంటాడు. వాడి దగ్గర నుంచి బయటికి పంపాల్సింది పెద్దగా ఏమీ ఉండదు. అప్పట్లో ఈ అంచనా వెనక ఫిజిక్స్ ఉంది, ఒప్పుకుంటా. ఇప్పుడు ఫైబర్ వచ్చాక అది లేదు. అయినా మన ప్రభుత్వ నిర్వచనాల్లోనూ, మన బుర్రల్లోనూ ఆ అంచనా అలాగే కూర్చుని ఉంది. ఊళ్లో ఇంట్లో ఉండి ఏదైనా పని చేసుకుందాం అనుకునేవాళ్లకి దానివల్లే నష్టం జరుగుతోంది. బీటెక్ అయ్యాక మనలో కొందరైనా ఆ లిస్టులోకి వస్తాం.

ఈసీఈ వాళ్లకి ఇందులో సగం తెలిసిందే. సివిల్, మెకానికల్ మిత్రులు కాస్త ఓపిక పట్టండి, లెక్కలు తక్కువే.

మొదట్నుంచి వద్దాం. 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ లిమిటెడ్, అదే వీఎస్‌ఎన్‌ఎల్, మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ ఇవ్వడం మొదలుపెట్టింది. ముందు బొంబాయి, ఢిల్లీ, కలకత్తా, మద్రాసు. 250 గంటల ఖాతా, వేగం 9.6 కేబీపీఎస్. ఆ వేగం ఎంతో అర్థం కావాలంటే ఒక చిన్న లెక్క. మీ ఫోన్‌లో తీసిన 3 ఎంబీ ఫొటో ఒకటి ఆ లైన్ మీద పంపాలంటే సుమారు 42 నిమిషాలు పడుతుంది. మధ్యలో పిన్ని ఫోన్ చేసిందంటే ఎంగేజ్ టోన్ వస్తుంది, ఎందుకంటే అది ఫోన్ లైనే. ఇంటర్నెట్ కోసమని ఎవరూ ప్రత్యేకంగా తీగ వేయలేదు. మనిషి గొంతు మోయడానికి వేసిన రాగి తీగ మీద, 300 నుంచి 3400 హెర్ట్జ్ మధ్య ఉన్న ఇరుకు సందులో, మోడెమ్ అనే పెట్టె డేటాని కీచుమనే శబ్దంగా మార్చి పంపేది. పాత వీడియోల్లో వినే ఉంటారు ఆ చప్పుడు. ఎవరో రోబోని చెవి పట్టుకుని మెలిపెట్టినట్టు ఉంటుంది.

ఇక్కడ గమనించాల్సింది ఏంటంటే, ఆ తొలి మోడెములు రెండు వైపులా సమానం. 9.6 వస్తే 9.6 పోతుంది. 33.6 కేబీపీఎస్ దాకా అంతే. తేడా మొదలైంది 56కే మోడెమ్‌తో, 1998 ప్రాంతంలో. అప్పటికి టెలిఫోన్ ఎక్స్ఛేంజీలు డిజిటల్ అయిపోయాయి. సెకనుకి 8000 శాంపిళ్లు, ఒక్కోటి 8 బిట్లు, మొత్తం 64 కేబీపీఎస్. నెట్ కంపెనీ తన వైపు నేరుగా డిజిటల్‌గా ఎక్స్ఛేంజికి తగిలించుకుంది కాబట్టి అటు నుంచి ఇటు వచ్చేటప్పుడు నష్టం తక్కువ, 56 దాకా లాగొచ్చు. ఇంటి నుంచి ఎక్స్ఛేంజికి పోయేది మాత్రం అనలాగ్ సిగ్నల్, దాన్ని అక్కడ డిజిటల్‌గా మార్చేటప్పుడు కొంత పోతుంది. అందుకని పైకి 33.6 దగ్గరే ఆగిపోయింది. కంపెనీ వైపు కొత్త సామాను, ఇంటి వైపు పాత సామాను. తర్వాత వచ్చినవి కూడా చాలావరకు ఇదే దారిలో నడిచాయి.

ఆ రోజుల్లో ఇళ్లల్లో నెట్ ఉన్నవాళ్లు ఎంతమందో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. 1998లో ప్రైవేటు కంపెనీలకి అనుమతి ఇచ్చాక మొదట వచ్చినవాటిలో సత్యం ఇన్ఫోవే ఒకటి, మన హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్ పిల్ల కంపెనీ. కానీ మా బాబాయ్ తరానికి ఇంటర్నెట్ అంటే ఇల్లు కాదు, నెట్ సెంటర్. ఎంసెట్ రిజల్ట్ వచ్చిన రోజు హాల్‌టికెట్ పట్టుకుని లైన్లో నిలబడటం, లోపల ఉన్నవాడు ప్రింట్ తీసిచ్చేదాకా గోళ్లు కొరుక్కోవడం. ఆయన ఇప్పటికీ ఆ కథ ర్యాంకుతో సహా చెప్తాడు. ర్యాంకు చెప్పుకోదగ్గది కాదు.

తర్వాత డీఎస్‌ఎల్. ఇది నిజంగా తెలివైన ఇంజనీరింగ్, దీని దగ్గర కాస్త ఆగాలి.

రాగి తీగ 3400 హెర్ట్జ్ దగ్గర ఆగిపోదు. గొంతుకి అంతే చాలని ఎక్స్ఛేంజిలో ఫిల్టర్లు పెట్టి మనం ఆపాం. అదే తీగ మీద మెగాహెర్ట్జ్ దాకా పంపొచ్చు, దూరం తక్కువైతే. కింద గొంతు, పైన డేటా, ఒకే తీగ మీద రెండూ ఒకేసారి. ఇంట్లో గోడకి ఒక చిన్న స్ప్లిటర్ డబ్బా, దాన్నుంచి ఒక వైరు ఫోన్‌కి, ఒకటి మోడెమ్‌కి. పిన్ని ఫోన్ చేసినా నెట్ పోదు.

ఇది అమెరికాలో 1980ల చివర్లో బెల్‌కోర్ అనే పరిశోధన సంస్థలో మొదలైంది. అప్పుడు వాళ్ల మనసులో ఉన్నది ఇంటర్నెట్ కాదు, టీవీ. ఫోన్ కంపెనీలు కేబుల్ టీవీ వాళ్లతో పోటీ పడి, ఫోన్ తీగ మీద ఇంటికి సినిమాలు పంపాలనుకున్నాయి. సమస్య ఏంటంటే ఒక లావు కేబుల్లో వందల జతల రాగి తీగలు పక్కపక్కనే పడుకుని ఉంటాయి. ఒక తీగ మీద మాట్లాడేది పక్క తీగ మీద వినిపిస్తుంది. దూరం నుంచి నీరసపడి ఎక్స్ఛేంజికి చేరే ఇంటి సిగ్నల్‌ని, అక్కడే పక్క తీగలో ఫ్రెష్‌గా బయల్దేరే బలమైన సిగ్నల్ మింగేస్తుంది. బెల్‌కోర్ ఇంజనీర్ జోసెఫ్ లెక్లైడర్‌కి తట్టిన ఉపాయం: రెండు వైపులా సమానంగా పంపాలని పట్టుబట్టకుండా, ఇంటి వైపు నుంచి పోయేదాన్ని చిన్న సందుకి పరిమితం చేస్తే, వచ్చేదాన్ని బాగా పెంచొచ్చు. సినిమా చూసేవాడు వెనక్కి పంపేది ఏముంటుంది, రిమోట్ బటన్ నొక్కితే పోయే నాలుగు బిట్లు తప్ప? అందుకే దాని పేరులోనే 'అసిమెట్రిక్' ఉంది. ఏడీఎస్‌ఎల్‌లో ఏ అంటే అదే. మనం ల్యాబ్ వైవాలో ఆ ఏకి అర్థం చెప్పి మార్కులు తెచ్చుకుంటాం గానీ, అది ఇంటి గురించి ఒక తీర్పు అని ఎప్పుడూ ఆలోచించం.

నేను లెక్లైడర్‌ని తప్పుపట్టడం లేదు. ఆ తీగకి అది సరైన సమాధానమే. ఆయన వల్లే కోట్ల ఇళ్లకి, కొత్త తీగ తవ్వకుండా, బ్రాడ్‌బ్యాండ్ వచ్చింది.

మన దగ్గరికి ఇది 2005 జనవరిలో బీఎస్‌ఎన్‌ఎల్ డేటావన్ పేరుతో వచ్చింది. దానికి కొన్ని నెలల ముందు, 2004 అక్టోబర్‌లో, కేంద్రం బ్రాడ్‌బ్యాండ్ పాలసీ ప్రకటించింది. బ్రాడ్‌బ్యాండ్ అంటే కనీసం 256 కేబీపీఎస్ డౌన్‌లోడ్ వేగం అని అందులో రాశారు. ఈ వాక్యం గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాం. మన సీనియర్లలో కాస్త పెద్దవాళ్లని అడగండి, అప్పటి ఒక ప్లాన్‌లో రాత్రి 2 నుంచి పొద్దున 8 దాకా అన్‌లిమిటెడ్. అలారం పెట్టుకుని లేచి డౌన్‌లోడ్ క్యూ మొదలుపెట్టి మళ్లీ పడుకున్న తరం అది. వర్షం పడితే ఊరి జాయింట్ డబ్బాలో నీళ్లు చేరి లైను పోవడం, ఎక్స్ఛేంజికి నాలుగైదు కిలోమీటర్లు దాటిన ఇళ్లకి అసలు సిగ్నలే రాకపోవడం కూడా ఆ తరం అనుభవమే.

ఆ తీర్పు ఇంట్లో ఎలా కనిపించేదో మా తాతయ్య వల్ల నాకు తెలుసు. మామయ్య అప్పుడు డల్లాస్‌లో. ఆదివారం పొద్దున స్కైప్. మామయ్య కొడుకు అటువైపు గంతులేస్తుంటే ఇక్కడ మాకు బానే కనిపించేది. వాడు మాత్రం ప్రతిసారీ ఒకటే మాట: "తాతయ్యా, యూ ఆర్ ఆల్ బాక్సెస్." మా అమ్మమ్మ ఎప్పుడూ ఆ కాల్‌కి చీర మార్చుకుని కూర్చునేది. అటువైపు వాడికి కనిపించింది రంగు గళ్లు. నాకప్పుడు ఆరేడేళ్లు, కెమెరా పాడైందనుకునేవాళ్లం అందరం. కెమెరాది కాదు, ఇంటి నుంచి పైకి పోయే ఆ సన్న సందుది. మనవడు రావడానికి దారి ఉంది, అమ్మమ్మ పోవడానికి లేదు.

ఈ మధ్యలో కేబుల్ టీవీ తీగ మీద నెట్ కూడా ఉంది, దాన్ని త్వరగా దాటేస్తా. టీవీ కోసం వేసిన కొయాక్సియల్ కేబుల్ కూడా పుట్టుకతో ఒకే వైపు బండి. దానిలో పైకి పోవడానికి కింది ఫ్రీక్వెన్సీల్లో చిన్న ముక్క కేటాయించారు, వీధిలోని అందరి ఇళ్లలోని రణగొణధ్వని అంతా కలిసి చేరేది కూడా ఆ ముక్కలోకే.

మన తెలుగు పట్టణాల్లో చాలాచోట్ల కేబుల్ అన్నలు చేసింది మాత్రం వేరు. టీవీ కేబుల్‌ని నెట్‌కి వాడే ఖరీదైన సామాను కొనకుండా, మేడ మీద నుంచి మేడ మీదకి మామూలు లాన్ వైరు లాగేశారు. మధ్యమధ్యలో వంద మీటర్లకి ఒక స్విచ్చి, అది ఎవరో ఒకరి సన్‌షేడ్ కింద, వాళ్ల కరెంటుతో. హైదరాబాద్‌లో బీమ్ లాంటి కంపెనీలు అపార్ట్‌మెంట్ల దాకా ఫైబర్, లోపల లాన్ వైరు పద్ధతితో పెద్దవయ్యాయి. పిడుగు పడితే వీధి వీధంతా స్విచ్చి పోర్టులు మాడిపోయేవి, అది వేరే కథ. తమాషా ఏంటంటే, అంత నాటుగా వేసిన ఈ ఈథర్నెట్టే రెండు వైపులా సమానమైన టెక్నాలజీ. ఒక జత తీగలు పంపడానికి, ఒక జత అందుకోవడానికి, రెండూ వంద మెగాబిట్లు. అందుకే ఒకే ఆపరేటర్ కింద ఉన్న కుర్రాళ్లు తమలో తాము సినిమాలు అంత స్పీడుగా పంచుకోగలిగారు. (పైరసీని సమర్థించడం లేదు, ఫ్యాకల్టీ అడ్వైజర్ గారు గమనించగలరు.) బయటి నెట్‌కి వచ్చేసరికి ప్లాన్‌లో అప్ ఎంత ఇవ్వాలో ఆపరేటర్ ఇష్టం.

ఇక ఫైబర్. 1966లో చార్లెస్ కావో, జార్జ్ హాక్‌హామ్ కలిసి, గాజులోని మలినాలు తీసేస్తే కాంతి అందులో కిలోమీటర్లు పోగలదని లెక్కగట్టి చూపించారు. కిలోమీటరుకి 20 డెసిబెల్ నష్టం కంటే తగ్గిస్తే చాలన్నారు. 1970లో కార్నింగ్ కంపెనీ అది సాధించింది. 2009లో కావోకి నోబెల్ వచ్చింది. ఇదంతా సముద్రాల అడుగున, ఊళ్ల మధ్య పనికొచ్చింది, మన గుమ్మం దాకా రావడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది.

ఇంటి ఫైబర్‌లో ఇప్పుడు ఎక్కువగా వాడేది జీపాన్. ఆపరేటర్ ఆఫీసులో ఉన్న పెట్టె నుంచి ఒక్క గాజు పోగు బయల్దేరుతుంది. దారిలో కరెంటు అవసరం లేని స్ప్లిటర్ దాన్ని 32గానో 64గానో చీలుస్తుంది. కిందికి ఒక రంగు కాంతి, పైకి ఇంకో రంగు కాంతి, రెండూ మన కంటికి కనిపించనివే. కిందికి 2.488 జీబీపీఎస్, పైకి 1.244. పైకి పంపేటప్పుడు ఇళ్లన్నీ ఒకేసారి మాట్లాడితే కలగాపులగం అవుతుంది కాబట్టి, ఆఫీసు పెట్టె ఒక్కో ఇంటికి వంతు ఇస్తుంది, మన లీలావతి మేడమ్ క్లాసులో సెమినార్ టర్నుల్లాగా. ఇక్కడ కూడా పైకి సగమే కదా అంటారు. నిజమే, అలవాటు ఎక్కడికి పోతుంది? కానీ లెక్క చూడండి. 64 ఇళ్లూ ఒకే క్షణంలో కలిసి అప్‌లోడ్ చేసినా, ఇంటికి 19 ఎంబీపీఎస్ చొప్పున వస్తుంది. అలా అందరూ ఒకేసారి చేయడం దాదాపు జరగదు. దీని తర్వాతి తరం ఎక్స్‌జీఎస్ పాన్‌లో రెండు వైపులా పదేసి జీబీపీఎస్. అంటే రాగి తీగకి ఉన్న బలమైన సాకు గాజు పోగుకి లేదు. చాలా ఫైబర్ ప్లాన్లలో ఇప్పుడు అప్, డౌన్ రెండూ సమానంగానే ఇస్తున్నారు కూడా. ఇది మన ఇళ్ల నెట్ చరిత్రలో పెద్ద మలుపని నా ఉద్దేశం. ప్రకటనల్లో మాత్రం దీనికి నాలుగో లైన్లో కూడా చోటు లేదు.

ఈ ఫైబర్ కూడా వేరేవాళ్ల దారిలోనే వచ్చింది చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో ఏపీ ఫైబర్‌నెట్ వాళ్లు భూమి తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగా సుమారు 24 వేల కిలోమీటర్లు లాగారు. 2016 చివర్లో కోనసీమలోని మోరి గ్రామంలో ఇంటింటికీ ఇచ్చి చూశారు. 2017 డిసెంబర్‌లో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ వచ్చి ప్రారంభించారు. నెలకి 149 రూపాయలకి నెట్, టీవీ, ఫోన్ మూడూ అన్నది అప్పటి ఆకర్షణ. తెలంగాణలో టీ ఫైబర్‌కి మిషన్ భగీరథ నీళ్ల పైపుల కోసం తవ్విన కందకాలే దారి ఇచ్చాయి. దేశం మొత్తానికి 2011లో మొదలైన పథకం, ఇప్పుడు భారత్‌నెట్ అంటున్నారు, రెండున్నర లక్షల పంచాయతీలకి ఫైబర్ చేర్చాలని లక్ష్యం. పంచాయతీ ఆఫీసు దాకా వచ్చిన పోగు, అక్కడి నుంచి రెండు వీధుల అవతల ఉన్న ఇంటికి రావడం మాత్రం ఇంకో పథకమంత కష్టం. మా ఊళ్లో చూశాను కాబట్టి చెప్తున్నా.

మా ఊరు పల్నాడులో ఒక మండల కేంద్రం. మా పెద్దమ్మ కూతురు, నాకు అక్క, హైదరాబాద్ కంపెనీలో టెస్టింగ్ పని. 2020లో లాక్‌డౌన్ రాగానే ఇంటికొచ్చేసింది. అప్పుడు నేను తొమ్మిదో తరగతి ఆన్‌లైన్ క్లాసులు, తమ్ముడు ఆరో తరగతి, అక్క ఆఫీసు, ముగ్గురికీ కలిపి పెదనాన్న ఫోన్ హాట్‌స్పాట్. వీడియోలు ఆడేవి, క్లాసు వినిపించేది. ప్రశ్న అడగడానికి మైక్ ఆన్ చేస్తే మాత్రం "మీ వాయిస్ బ్రేక్ అవుతోంది" అని టీచర్ తర్వాతి పిల్లాడి దగ్గరికి వెళ్లిపోయేది. అక్క సంగతి ఇంకా అన్యాయం. లాగ్ ఫైళ్లు, స్క్రీన్ రికార్డింగులు పంపాలి ఆవిడ. పొద్దున నాలుగింటికి డాబా ఎక్కి, వాటర్ ట్యాంక్ పక్కన ల్యాప్‌టాప్ పెట్టుకుని పంపేది. మేనేజర్‌కి ఇదంతా తెలీదు. మీటింగుల్లో ఎప్పుడూ కెమెరా ఆఫ్, మాట తెగుతూ ఉంటుంది కాబట్టి ఆ ఏడాది రివ్యూలో 'పార్టిసిపేషన్ తక్కువ' అని రాశాడు. కనెక్షన్ కోసం ఒక కంపెనీకి దరఖాస్తు పెట్టి రెండేళ్లు తిరిగాం, 'మీ వీధిలో పోర్టులు లేవు' అన్నదే సమాధానం. చివరికి 2022లో లోకల్ కేబుల్ అన్న ఫైబర్ లాగాడు. 50 ఎంబీపీఎస్, రెండు వైపులా. ఆ వారం అక్క కెమెరా ఆన్ చేసి మాట్లాడితే టీమ్‌లో ఒకమ్మాయి, మీరు ఇలా ఉంటారా అని అడిగిందట. పెద్దమ్మకి మోకాళ్ల ఆపరేషన్ అయ్యాక కూడా అక్క ఊళ్లోనే ఉండి ఉద్యోగం చేయగలిగింది. ఇప్పటికీ చేస్తోంది. అమీర్‌పేట హాస్టల్ ఖర్చు మిగిలింది అంటుంది గానీ, అసలు మిగిలింది అది కాదని మా ఇంట్లో అందరికీ తెలుసు.

ఫోన్ డేటా ఉండగా ఇంటి లైను ఎందుకు అని మీలో కొందరు అడుగుతారని నాకు తెలుసు, మా హాస్టల్ గదిలో ఈ వాదన ఇప్పటికే రెండుసార్లు అయింది. 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చాక మనందరి చేతుల్లోకి డేటా వచ్చింది, దాన్ని చిన్నచూపు చూడటం లేదు. 2024 చివరికి దేశంలో బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లు దాదాపు 94 కోట్లు. అందులో తీగ మీద ఇంటికొచ్చేవి సుమారు 4 కోట్లు మాత్రమే. అంటే మన దేశానికి ఇంటర్నెట్ అంటే ఫోనే. ఇక్కడే నా బాధ. టవర్ పదుల వాట్లతో అరుస్తుంది, మీ జేబులో ఫోన్ 0.2 వాట్‌తో గుసగుసలాడుతుంది. టవర్ మాట మనకి వినిపించినంత బాగా మన మాట టవర్‌కి వినిపించదు. దానికి తోడు 5జీలో ఎక్కువగా వాడే పద్ధతిలో ఒకే ఫ్రీక్వెన్సీని టైము పంచుకుని రెండు వైపులకీ వాడతారు, ఆ పంపకంలో సాధారణంగా నాలుగింట మూడు వంతులు డౌన్‌లోడ్‌కే. ఇదే 5జీని ఇప్పుడు డాబా మీద డబ్బా పెట్టి ఇంటి నెట్‌గా అమ్ముతున్నారు. తీగ రాలేని కొండ ఊళ్లకి, అద్దె ఇళ్లకి అది మంచిదే. పాడేరు వైపు ఊళ్లకి గాజు పోగు ఎప్పుడొస్తుందని ఎదురుచూడమనడం అన్యాయం. కానీ పోగు రాగలిగిన ఊళ్లో కూడా, స్తంభాలెక్కే పని తప్పుతుందని ఆ డబ్బా తగిలించి 'ఫైబర్ లాంటిదే' అంటే మాత్రం ఒప్పుకోకూడదు. డౌన్ నంబర్ చూస్తే అలాంటిదే. అప్ నంబర్ చూస్తే మళ్లీ లెక్లైడర్ కాలానికి పోయాం.

ఇప్పుడు ఆ పాలసీ వాక్యం దగ్గరికి. 2004లో బ్రాడ్‌బ్యాండ్ అంటే కనీస డౌన్‌లోడ్ 256 కేబీపీఎస్. తర్వాత దాన్ని 512 చేశారు. 2023 జనవరిలో 2 ఎంబీపీఎస్ చేశారు. మూడుసార్లూ డౌన్‌లోడ్ మాటే ఉంది. అప్‌లోడ్ గురించి ఒక్క అంకె లేదు. అమెరికాలో 2015లోనే బ్రాడ్‌బ్యాండ్ అనాలంటే 25 డౌన్, 3 అప్ అన్నారు, 2024లో 100 డౌన్, 20 అప్ చేశారు. అమెరికా చేసింది కాబట్టి మనమూ చేయాలని కాదు, అక్కడి పల్లెల్లో కూడా కనెక్షన్ లేక ఏడ్చేవాళ్లు బోలెడుమంది. కానీ రెండో అంకె కాగితం మీద ఉంటే, కనీసం అది లేదని ఫిర్యాదు చేయొచ్చు. మన దగ్గర మా అక్క ఎవరికి ఫిర్యాదు చేయాలి? ఆమెకి రూల్ ప్రకారం బ్రాడ్‌బ్యాండ్ ఉంది కదా, యూట్యూబ్ ఆడింది కదా.

జనం వాడేదే ఎక్కువ డౌన్‌లోడ్, అందుకే అలా ఇస్తారు అన్నది అవతలి వాదన. ట్రాఫిక్ లెక్కల్లో అది నిజమే. ఎవరింట్లోనైనా రోజూ ఎక్కించేదానికంటే దించేది చాలా రెట్లు ఎక్కువ. కాకపోతే నీళ్లు రోజంతా వాడతాం, బోరుకి మోటారు రోజుకి అరగంటే వేస్తాం, అలాగని మోటారు అక్కర్లేదని ఎవరూ అనరు. లంబాడిపల్లి నుంచి మై విలేజ్ షో వీడియోలు, గంగవ్వ మాటలు ఊరూరా పాకాయంటే, లక్షలమంది దించుకునే ముందు ఎవరో ఒకరు ఒక్కసారి ఎక్కించారు. ఊళ్లో కూర్చుని ట్యూషన్ చెప్పే టీచర్, స్కాన్ కాపీలు గుంటూరు డాక్టర్‌కి పంపే ఆర్‌ఎంపీ, మన ప్రాజెక్టు డెమో వీడియో రాత్రి 11:50కి సబ్మిట్ చేసే నువ్వూ నేనూ, వీళ్లందరికీ కావాల్సింది రోజుకి ఆ కాసేపే. ఆ కాసేపట్లో దారి లేకపోతే మిగతా 23 గంటల డౌన్‌లోడ్ స్పీడ్ ఏం చేసుకోవాలి?

ఇంకొకటి, ఇది సీఎస్‌ఈ వాళ్ల కోసం. అప్ బాగున్నా మీ ఇంటి నుంచి సర్వర్ నడపలేరు చాలా కనెక్షన్లలో, ఎందుకంటే ఐపీవీ4 అడ్రసులు చాలక వందల ఇళ్లని ఒకే అడ్రస్ వెనక దాచేస్తున్నారు. బయటివాళ్లు మీ ఇంటి తలుపు తట్టలేరు. ఐపీవీ6 దీనికి మందు. దీని గురించి వేరే వ్యాసం ఎవరైనా రాస్తే బాగుంటుంది, నేను మాత్రం సప్లీలు అయ్యాకే.

సంక్రాంతికి అందరం ఊళ్లకి పోతున్నాం. ఇంటికెళ్లాక ఒక పని చేయండి. ఇంటి లైను మీద, తర్వాత ఫోన్ డేటా మీద, స్పీడ్ టెస్ట్ కొట్టండి. పొద్దున ఒకసారి, రాత్రి తొమ్మిదింటికి ఒకసారి. మొదటి నంబర్ కాదు, రెండోది రాసుకోండి. ఊరి పేరు, ఇంటికి వచ్చేది ఫైబరా, రాగా, డాబా మీద డబ్బానా, అసలేమీ లేదా అన్నదీ రాసి క్లబ్ మెయిల్‌కి పంపండి. మన కాలేజీలో శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా అన్ని జిల్లాలవాళ్లూ ఉన్నారు, వచ్చే సంచికలో ఊరివారీగా పట్టిక వేద్దాం. మీ వీధి కేబుల్ అన్న ఆ టైములో బండి మీద కనిపిస్తే ఆపి అడగండి, "అన్నా, అప్ ఎంత?" అని. మా ఊళ్లో అన్నని అడిగితే, ఇన్నేళ్లలో ఇది అడిగిన రెండోవాడివి అన్నాడు. మొదటిది మా అక్క.